చీటి పడకమునుపే పొలము అమ్మవద్దు



ఇంజనీరింగు చదివిన పిల్లలున్న ఇండ్లలో నేడు ఎక్కువగా వినబడు మాట ‘హెచ్-1బి’. ఆ వీసా వచ్చునన్న ఆశతో పొలము తాకట్టు పెట్టుట, పెండ్లి కుదుర్చుకొనుట, ఎవరో చెప్పిన ఏజెంటు చేతిలో డబ్బు పోయుట మనము చూచుచునే యున్నాము. ఆశపడుట తప్పు కాదు. అయితే ఆ వీసా ఎట్లు వచ్చునో తెలియక ఇల్లు గుల్ల చేసికొనకూడదు. అందుచేత ఈ నెల ఆ సంగతి వివరింపగోరుచున్నాము.

ఇది నైపుణ్యముగల ఉద్యోగులకు అమెరికా ప్రభుత్వమిచ్చు వీసా. దీనిని మన పిల్లలు తమంతట తాము అడుగుటకు వీలులేదు. అక్కడి కంపెనీ ఉద్యోగమిచ్చి, వారి పేరున దరఖాస్తు పెట్టవలెను. మొదట మూడేండ్లకు ఇచ్చెదరు. సాధారణముగా ఆరేండ్ల వరకు పొడిగించెదరు.

ఏటా ఇన్ని మాత్రమే ఇవ్వవలెనని 1990లో చేసిన చట్టము 65,000 అను హద్దు పెట్టినది. కంప్యూటరు పని వారికి గిరాకీ పెరిగిన రోజులలో ఆ హద్దును 1999, 2000 సంవత్సరములకు 1,15,000కును, 2001 నుండి 2003 వరకు 1,95,000కును పెంచిరి. మన ప్రాంతపు పిల్లలు అనేకులు వెళ్లినది ఆ కాలములోనే. “మా తమ్ముడు వెళ్లలేదా, నీకేమి అడ్డు?” అని పెద్దలు నేటికిని అడుగుటకు కారణమిదే. కాని 2003 అక్టోబరు నుండి హద్దు మరల 65,000కు దిగినది. అమెరికాలోనే మాస్టర్స్ గాని అంతకు పై చదువు గాని చదివిన వారి కొరకు 2004 నాటి చట్టము మరి 20,000 చేర్చినది. వెరసి 85,000. ఇది మన దేశమునకు మాత్రమే కాదు, లోకమంతటికిని కలిపిన లెక్క. విశ్వవిద్యాలయములలోను, లాభాపేక్షలేని పరిశోధన సంస్థలలోను చేరువారికి మాత్రము ఈ హద్దు లేదు.

అడుగువారు ఎక్కువ, ఉన్నవి తక్కువ గనుక చీట్లు వేసినట్లు కంప్యూటరు ద్వారా పేర్లు తీయుచున్నారు. 2025 మార్చిలో నమోదైన అర్హమైన పేర్లు 3,43,981. ఎంపికైనవి 1,20,141. ఎంపికైన వారందరు దరఖాస్తు పెట్టరు, పెట్టిన వారందరికి మంజూరు కాదు గనుక కొన్ని ఎక్కువ తీసెదరు. కాబట్టి పేరు వచ్చినంత మాత్రమున వీసా వచ్చినట్లు కాదు. దరఖాస్తు పరిశీలన జరుగవలెను. ఇక్కడ నుండి వెళ్లువారు కాన్సులేటులో ఇంటర్వ్యూకు కూడ నిలువవలెను.

ఇటీవల దారి మరింత ఇరుకైనది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు చేసిన ప్రకటన, దేశము వెలుపల నున్న వారి కొరకు పెట్టు కొత్త దరఖాస్తులకు పన్నెండు నెలల కాలము 1,00,000 డాలర్ల చెల్లింపు విధించినది. అది మన లెక్కలో ఎనభై లక్షల రూపాయల పైమాట. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన నియమము ఎక్కువ జీతపు ఉద్యోగములకు ఎక్కువ అవకాశమిచ్చినది. పై తరగతి జీతము వాని పేరు నాలుగు మారులు చీట్లలో పడును, అడుగు తరగతి వానిది ఒక్కసారే. కొత్తగా చదువు ముగించిన వారికి ఇది కష్టమైన మాట.

ఇక తలిదండ్రులకు మేము చెప్పునది వినుడి. “నాలుగు కంపెనీల ద్వారా పేరు వేయించెదము, తప్పక వచ్చును” అని ఎవరైన డబ్బు అడిగిన ఇయ్యకుడి. 2024 నుండి ఎన్ని కంపెనీలు నమోదు చేసినను ఒక మనిషిని ఒక్కనిగానే లెక్కించుచున్నారు. ఈ చీటిని కొనిపెట్టగలవాడు ఎవడును లేడు. చట్టము కంపెనీ మీద మోపిన దరఖాస్తు రుసుములను ఉద్యోగి నుండి రాబట్టకూడదు.

పిల్లలను చదువుకు పంపువారు ఈ లెక్క వేసికొనవలెను. అక్కడ చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరము, సైన్సు, ఇంజనీరింగు వంటి చదువులైన మరి రెండు సంవత్సరములు పని చేయుటకు అనుమతి కలదు. అనగా ఇంచుమించు మూడుసార్లు పేరు వేయవచ్చును. మూడుసార్లును రాకపోవచ్చును. అప్పుడు మన ఊరికి తిరిగివచ్చి, ఇక్కడి జీతముతో తీర్చగలిగినంత అప్పే చేయుడి. ఉన్న ఒక్క పొలమును, చెల్లెలి చదువు డబ్బును దీని మీద పెట్టకుడి.

ఆడపిల్లల తలిదండ్రులారా, ‘హెచ్-1బి అబ్బాయి’ అనగానే కట్నము పెంచి అడుగువారు కలరు. ఆ వీసా ఉద్యోగముతో ముడిపడినది, ఉద్యోగము పోయిన అదియు నిలువదు. భార్యగా వెళ్లు అమ్మాయికి వెంటనే పని చేయు అనుమతి రాదు. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నము కొంత దూరము సాగిన తరువాతనే అడుగుటకు వీలగును. అబ్బాయి గుణమును, చదువును చూడుడి. వీసాను చూచి పిల్లనియ్యకుడి.

చివరిగా ఒక మాట. చీటి పడనివాడు తెలివితక్కువవాడు కాడు. అతనితో చదివి, అతనికంటె తక్కువ మార్కులు తెచ్చుకొన్నవాని పేరు రావచ్చును. తిరిగివచ్చిన బిడ్డను వీధిలో నిలిపి “నీకు రాలేదా?” అని అడుగకుడి. అప్పు భారముతో కలిసి ఆ ప్రశ్న ఎంత బరువో మోయువానికే తెలియును. భోజనమునకు పిలువుడి, ఇక్కడ పని వెదకుకొనుటకు తోడు నిలువుడి. పొలము మిగిలియున్న ఇంటికి తిరిగివచ్చిన బిడ్డ మరల లేచి నిలబడగలడు.