'సాయం' అనే మాటతో నాకున్న పేచీ

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచు గూడెంలో ఒక కోయ స్త్రీ కరక్కాయలు ఎండబోస్తోంది. అద్దకానికీ మందుకూ పనికొచ్చే సరుకు. "ఏం పని చేస్తావక్కా?" అనడిగాను. "పనేముంది, ఇంటికాడే ఉంటా" అంది, చేతులు ఆపకుండానే.

సరిగ్గా ఈ జవాబే అంతకుముందు ఏలూరులో, తివాచీలు నేసే ఇంట్లో విన్నాను.

ఖమ్మానికి ఒకవైపు వరంగల్లు, మరోవైపు ఏలూరు. రెండూ పారశీక పద్ధతి ముడి తివాచీలకు పేరుపడ్డ ఊళ్ళు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు ఏలూరుకు ఈ విద్య తెచ్చారని ప్రతీతి. వరంగల్లు తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్ళాయి. అక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ చరిత్రలో ఉస్తాదులున్నారు, నవాబులున్నారు, ఎగుమతిదార్లున్నారు. ఉన్ని వడికినవాళ్ళు లేరు.

తివాచీ పని చూసినవాళ్ళకు తెలుసు. నిలువు మగ్గం ముందు కూర్చుని పడుగు దారాలకు ఒక్కొక్క ముడీ చేత్తో వేసి, కత్తితో కోసి, వరుస నిండాక పేక దూర్చి పంజాతో దట్టించాలి. రోజంతా కూర్చున్నా పెరిగేది అంగుళాల్లోనే. లేత వేళ్ళకైతేనే ముడి బాగా పడుతుందని వ్యాపారులు చెప్పుకొచ్చారు. చేయి తిరిగిన పెద్దవాళ్ళ కంటే పిల్లలు చవక అన్నదే అసలు సంగతని నా అభిప్రాయం.

1986 నాటి బాలకార్మిక చట్టం తివాచీ నేతను పిల్లలకు నిషేధించింది. కానీ యజమాని తన కుటుంబం సాయంతో నడిపే కార్ఖానాను మినహాయించింది! 2016లో సవరించినప్పుడు కూడా, ప్రమాదకరం కాని పనుల్లో, బడి వేళల తర్వాత, పిల్లలు కుటుంబానికి 'సాయం' చేయొచ్చన్నారు. మగ్గం గడప లోపలికి వస్తే చాలు, కూలి సాయమైపోతుంది, నేతగత్తె ఇల్లాలైపోతుంది, బడి మానిన ఆడపిల్ల 'పని నేర్చుకుంటున్న' పిల్లవుతుంది.

పిల్లలకు నేర్పకపోతే కళ చచ్చిపోదా అని మిత్రులే అడుగుతారు. కళ మీద అంత ప్రేముంటే పెద్దామెకు గిట్టుబాటు కూలి ఇవ్వండి, ఆ కూలి ఆమె చేతికే ఇవ్వండి, చేతివృత్తి గుర్తింపు కార్డు ఆమె పేరునే రాయించండి. మన సంఘాలు పట్టుబట్టాల్సింది ఇక్కడ. మొగుడి పేరున వచ్చిన కార్డు చూసి తృప్తి పడడం మనమూ చేశాం.

ఆ ఏలూరు ఇంట్లో, ఏం పనీ లేదన్న ఆ తల్లే, లేచి వస్తుంటే సగం అల్లిన తివాచీ అంచు మీద వేలు పెట్టి "ఈ పూల వరుసంతా నాదే" అని చూపించింది. గూట్లో ఉన్న కూలి లెక్కల పుస్తకం తీయించి చూశాను. పేజీ పేజీకీ భర్త పేరే ఉంది.