‘వోస్’ అంటే వైవిధ్యం, ‘నువ్వు’ అంటే మొరటా?

మాది చిన్న మంగళారం. ఎక్కడో తెలీదా? మొయినాబాద్ మండలం. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేశారు కదా, అదే మండలం :-)

సంగతేంటంటే, మెక్సికో క్లయింటు వచ్చాడని మా ఆఫీసులో స్పానిష్ క్లాసులు పెట్టారు. మొదటివారం అంతా పలకరింపులు, ముద్దుమాటలు. నువ్వుకి ‘తూ’, మీరుకి ‘ఉస్తెద్’ అని రాసుకున్నాం. అర్జెంటీనాలో మాత్రం ‘తూ’ బదులు ‘వోస్’ అంటారట. స్పెయిన్‌లో అమ్మానాన్నల్ని కూడా ‘తూ’ అనే అంటారు. బొగోటాలో కొన్ని ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలే ‘ఉస్తెద్’ అనుకుంటారు. మా టీం లీడ్ ఇదంతా భక్తిగా నోట్సు రాసుకుని "ఎంత వైవిధ్యమో చూడండి!" అని మురిసిపోయాడు.

అరగంటకి మా తాత ఫోన్. "తాతా, నువ్వు తిన్నవా? మందులేసుకున్నవా?" అన్నాను. పెట్టెయ్యగానే అదే లీడ్, "పెద్దాయన్ని పట్టుకుని నువ్వు అంటావేంటి? మీ సైడు మర్యాద ఉండదబ్బా!" అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

మర్నాడు నలుగురూ ఉన్నారని తాతతో "తిన్నారా?" అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "ఏమైంది బిడ్డా, నా మీద కోపమొచ్చిందా?" అన్నాడు. ఏం చెప్పాలి?

అయ్యా లీడు గారూ, అర్జెంటీనా వాడిదైతే వైవిధ్యం, మాదైతే మర్యాద లేకపోవడమా? మీ ఇంట్లో అమ్మని ‘మీరు’ అంటున్నారా? గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. అంతెందుకు, చిలుకూరులో తిరుగుతూ "స్వామీ, నువ్వే దిక్కు" అనేగా మొక్కారు? దేవుడికి లేని పట్టింపు మీకెందుకు?

మెక్సికోలో పెద్దవాళ్ళు పిల్లల్ని ‘మిహో’ అంటారు. ‘మి ఇహో’, అంటే నా కొడుకా అని. కన్నకొడుకే కానక్కర్లేదు. క్లాసంతా "హౌ స్వీట్" అంది. మా ఊళ్ళో బస్సెక్కుతుంటే ముక్కూమొహం తెలియని అవ్వ కూడా "పైలం బిడ్డా" అంటుంది. అదీ ఇదే కదండీ! దీనికి సర్టిఫికెట్ ఇవ్వరు, అంతే తేడా.

స్పానిష్ నేర్చుకోవద్దని కాదు నా గోల. నేనూ నేర్చుకుంటున్నాను. కానీ ఎవడి పలకరింపునైనా వాడి ఊరి లెక్కలో చూడాలని అక్కడ నేర్పిన పాఠం మన తెలుగుకి కూడా వర్తిస్తుంది.

ఇకమీదట ఆఫీసులో ఎవరున్నా సరే, మా తాతని ‘నువ్వు’ అనే అంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఈసారి మాత్రం నేను నవ్వను.