స్పెయిన్‌లో 'ఏ' గ్రేడ్ వస్తే ఇక్కడి జీపీఏ పెరుగుతుందా?

అమెరికా యూనివర్సిటీల నుంచి 2022-23లో 2,80,000 మందికి పైగా విద్యార్థులు స్టడీ అబ్రాడ్‌కు వెళ్లారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఇంట్లో చర్చంతా ఫీజు, టికెట్లు, తిండి దగ్గరే ఆగిపోతుంది. "క్రెడిట్స్ ట్రాన్స్‌ఫర్ అవుతాయి మమ్మీ" అనగానే సరే అనేస్తాం. కానీ క్రెడిట్ వేరు, గ్రేడ్ వేరు.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సంగతే చూడండి. 1962 నుంచి దానికి యూసీఈఏపీ అనే సొంత కార్యక్రమం ఉంది. దాని ద్వారా వెళ్తే అక్కడి గ్రేడ్లు యూసీ ట్రాన్స్‌క్రిప్ట్‌లోకెక్కి జీపీఏలో కలుస్తాయి. బయటి సంస్థ ద్వారా వెళ్తే క్రెడిట్లు రావచ్చు గానీ గ్రేడ్లు కలవవు. ఊరు ఒకటే అయినా లెక్క రెండు రకాలు.

జీపీఏ 2.0 కిందకు జారి ప్రొబేషన్ భయంలో ఉన్న పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. అక్కడ మంచి గ్రేడ్లు తెచ్చుకుని గట్టెక్కుదాం అనుకుంటారు. అవి ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లయితే అన్నీ 'ఏ'లే వచ్చినా జీపీఏ కదలదు. పైగా చాలాచోట్ల 'సీ' కంటే తగ్గితే క్రెడిట్ కూడా ఇవ్వరు. జీపీఏ దెబ్బతినదు, నిజమే. డబ్బూ సెమిస్టరూ మాత్రం పోతాయి.

యూరప్ క్రెడిట్లది మరో తికమక. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నాకు మోల్ లెక్కలే నయమనిపించింది! అక్కడ ఏడాదికి 60 ఈసీటీఎస్‌లు. చాలా యూనివర్సిటీలు రెండింటిని ఒక అమెరికన్ క్రెడిట్‌గా లెక్కిస్తాయి. అంటే 20 తీసుకుంటే ఇక్కడ పదే. ఫుల్‌టైమ్‌కు కావాల్సిన 12కు తక్కువ. స్కాలర్‌షిప్ ఉంటే ఇక్కడే చిక్కు.

ఫెడరల్ ఎయిడ్‌కు ఇంకో గీత ఉంది: 120 క్రెడిట్ల డిగ్రీకి 180 వరకే. యూనివర్సిటీ ఒప్పుకున్న విదేశీ క్రెడిట్లు, మేజర్‌కు పనికిరాకపోయినా, మామూలుగా ఆ 180లో పడతాయి.

ఎఫ్-1 పిల్లలకు ఓపీటీ, సీపీటీ కోసం ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి కదా. అందులో విదేశీ సెమిస్టర్ లెక్కకు రావాలంటే అంతకుముందు ఇక్కడ కనీసం ఒక టర్మ్ ఫుల్‌టైమ్ చదివి ఉండాలి.

అందుకే డిపాజిట్ కట్టకముందే డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ను ఒక్కో కోర్సు పేరుతో ఈమెయిల్‌లో అడిగించండి: గ్రేడ్ జీపీఏలో కలుస్తుందా, మేజర్‌కు పనికొస్తుందా, ఇక్కడి లెక్కలో ఎన్ని క్రెడిట్లు? వెళ్లాక మొదటి వారంలో క్లాసులు మారడం మామూలే. అలా మారితే కొత్త కోర్సుకూ ఆమోదం కోసం ఆ రోజే మళ్లీ రాయమనండి.