టేపులో పట్టేదెంత, చెప్పేదెంత

బ్యాంకులు, పరిశోధన సంస్థలు, సినిమా స్టూడియోలు ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన డేటాను ఇప్పటికీ అయస్కాంత టేపులకే అప్పగిస్తున్నాయి. 2011లో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్‌లో కొందరి మెయిళ్లు మాయమైతే గూగుల్ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. ఇంతగా నమ్ముకునే సరుకును అమ్మేటప్పుడు చెప్పే అంకె మాత్రం కొనేవారిని దారి తప్పిస్తోంది. ఎల్‌టీఓ అనే టేపు ప్రమాణంలో తొమ్మిదో తరమైన ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జ్‌నే చూడండి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల అరంగుళం వెడల్పున 1,035 మీటర్ల టేపు. అందులో నిజంగా పట్టేది 18 టెరాబైట్లు. ప్రకటనల్లో దాని పక్కనే, చాలాసార్లు దానికంటే ముందే, 45 టెరాబైట్లని కనిపిస్తుంది. మొదటిది నేటివ్ కెపాసిటీ, కొలిచి చెప్పింది. రెండోది కంప్రెస్డ్ కెపాసిటీ, ఊహించి చెప్పింది. ఊహను కెపాసిటీ కింద లెక్కగట్టే పద్ధతి పోవాలి. ప్రజల డబ్బుతో కొనే టెండర్లలోనైనా దాన్ని అడుగు పెట్టనివ్వకూడదు.

టేపు డ్రైవ్ తనకు అందిన డేటాను టేపు మీదికి ఎక్కించే ముందే కుదిస్తుంది. పదేపదే వచ్చే భాగాలను పట్టుకుని, రెండోసారి నుంచి వాటి బదులు చిన్న గుర్తు రాస్తుంది. ప్రతి రెండున్నర బైట్లూ ఒక్క బైటుకు తగ్గుతాయనుకుంటేనే 18 కాస్తా 45 అవుతుంది. కానీ దూదిని అదిమితే మూట తగ్గుతుంది, ఇసుకను ఎంత అదిమినా బస్తా తగ్గదు. ఫోన్‌లో తీసిన వీడియోలు, సీసీ కెమెరాల ఫుటేజీ, జేపెగ్ ఫొటోలు, స్కాన్ చేసి దాచిన పాత పుస్తకాల పేజీలు దాదాపు అన్నీ ముందే కుదించి ఉన్నవే. వాటిలో డ్రైవ్ తగ్గించగలిగేది ఏమీ మిగలదు. సర్వర్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన డేటా సంగతీ అంతే. నేడు కుప్పలుగా పెరుగుతున్నది సరిగ్గా ఈ రకం డేటాయే.

వంద టెరాబైట్ల వీడియో దాచాల్సిన సంస్థ 45 చొప్పున లెక్క వేసుకుంటే మూడు కార్ట్రిడ్జ్‌లు చాలనుకుంటుంది. నిజానికి ఆరు కావాలి. జాగ్రత్త కోసం రెండు కాపీలు తీస్తే ఆరనుకున్న చోట పన్నెండు. డబ్బు సంగతి సర్దుకోవచ్చు, సమయం సంగతే కష్టం. ఎందుకంటే వేగం విషయంలోనూ ఇదే తంతు. ఎల్‌టీఓ-9 పూర్తి సైజు డ్రైవ్ సెకనుకు 400 మెగాబైట్లు రాస్తుంది, కుదింపుతో కలిపి చెప్పేది 1,000. ఆ రెండో అంకెను నమ్మి 28 గంటల్లో అవుతుందనుకున్న పని 70 గంటల దాకా సాగుతుంది. శనివారం సాయంత్రం మొదలైన బ్యాకప్ సోమవారం ఉదయం ఆఫీసు తెరిచేసరికి ముగియదు. ఏదైనా ప్రమాదం జరిగి మొత్తం డేటాను వెనక్కి తీసుకోవాల్సి వస్తే అప్పుడూ అంతే ఆలస్యం.

ఈ రంగంలో ఉన్నవారందరికీ ఇది తెలిసిందేనని, డబ్బా మీద చిన్న అక్షరాల్లో నిష్పత్తి రాస్తూనే ఉన్నారని కంపెనీల వైపు వారు అంటారు. బ్యాకప్ చూసే ఇంజినీరుకు తెలుసు, నిజమే. కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి, టెరాబైటుకు ఎంత పడుతుందో పోల్చి చూసే అకౌంట్స్ విభాగానికి తెలియాలని లేదు. అందరూ ఒకే నిష్పత్తి వాడుతున్నప్పుడు పోలికకు ఇబ్బందేమిటన్నది ఇంకో మాట. ఆ నిష్పత్తే మధ్యలో మారింది. ఐదో తరం వరకు రెండింతలు అని లెక్కగట్టేవారు, 2012లో వచ్చిన ఆరో తరం నుంచి రెండున్నర ఇంతలు అంటున్నారు. అసలు కెపాసిటీ 1.5 నుంచి 2.5 టెరాబైట్లకు పెరిగితే, ప్రచారంలో 3 నుంచి 6.25కు ఎగబాకింది. అంటే మూడింట రెండు వంతుల పెరుగుదల రెట్టింపుకు పైగా కనబడింది. కుదింపు పద్ధతి మెరుగైందన్నది నిజమే కానీ, అది ఇసుక లాంటి డేటాకు ఒరగబెట్టేది లేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. డేటాబేస్‌లు, లాగ్ ఫైళ్లు, మామూలు టెక్స్టు రెండున్నర ఇంతల కంటే బాగా కుదించుకుపోవచ్చు, అలాంటివారికి 18 అనే అంకె తక్కువ చేసి చెప్పినట్టే కదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. అయితే తక్కువ అనుకుని కొన్నవాడికి కొన్ని కార్ట్రిడ్జ్‌లు మిగులుతాయి, ఎక్కువ అనుకుని కొన్నవాడికి బ్యాకప్ సగంలో ఆగిపోతుంది. ఈ రెండు నష్టాలూ సమానం కావు.

కాబట్టి టెండర్ పత్రాల్లో కెపాసిటీ, వేగం రెండూ నేటివ్ అంకెల్లోనే అడగాలి, ధరలనూ వాటి మీదే పోల్చాలి. కుదింపు వల్ల కలిసొచ్చేది ఎంతో తెలుసుకోవాలనుకునే సంస్థ తన సొంత డేటాలో కొంత భాగాన్ని టేపుకు ఎక్కించి చూడాలి. ఎంత అందింది, టేపు మీద ఎంత రాసింది అన్న లెక్క ఇప్పటి ఎల్‌టీఓ డ్రైవ్‌లే ఉంచుతాయి. ఆ నిష్పత్తిని ఫైలులో రాసి, ఎన్ని కార్ట్రిడ్జ్‌లు కొనాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.