పేరుకు మేనేజర్, ఓవర్‌టైం నిల్

రంజాన్‌లో హైదరాబాద్ హోటల్ మేనేజర్ డ్యూటీ ఇఫ్తార్ ముందు మొదలైతే సహరీ దాకా సాగుతుంది. ఓవర్‌టైం అడిగితే "మీరు మేనేజర్ కదా భాయ్" అంటారు సేఠ్‌లు. చట్టమూ వాళ్లకే కలిసొస్తోంది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం మేనేజర్ 'కార్మికుడు' కాడు. జీతం నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజరూ కాడు. అంటే కోడ్ ఇచ్చే రెట్టింపు ఓవర్‌టైం లేదు, ఉద్యోగంలోంచి తీసేస్తే ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ దారీ లేదు.

అయితే కోర్టులు హోదా పేరు చూడవు, ప్రధానంగా చేసే పని చూస్తాయి. ఒకరిని పనిలో పెట్టుకునే, సెలవిచ్చే అధికారమైనా లేకుండా పొద్దంతా బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునేవాడు మేనేజర్ ఎలా అవుతాడు? అది నిరూపించాలంటే డ్యూటీ చార్టులు, సేఠ్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోవాలి. చాలామంది ఉద్యోగం పోయాకే వాటిని వెతుకుతున్నారు.