మేడకు బెరడేదీ?

మే నెల. రాత్రి పదకొండు గంటలు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో ఓ హాస్టల్. పై అంతస్తు గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది... వేడిగాలి విసురుతూ! ఊరి నుంచి కోచింగ్ కోసం వచ్చిన కుర్రాడు చాపా దిండూ పట్టుకుని డాబా ఎక్కుతాడు. అక్కడా కాళ్లకు సెగే. గేటు ముందున్న వేపచెట్టు మొదలును తాకితే మాత్రం ఆ సెగ తెలియదు. పగలంతా రెండూ ఒకే ఎండలో ఉన్నాయి. మరి ఈ తేడా ఎందుకు?

ఆకుల నీడ ఒక కారణం. బెరడు రెండోది.

బెరడు పైపొర నిండా చచ్చిపోయిన కణాలే. వాటిలో గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలి వేడిని అంత తేలిగ్గా సాగనివ్వదు. పొడి మసిగుడ్డతో వేడి గిన్నె దించినా చెయ్యి కాలదు. అదే గుడ్డ తడిదైతే చురుక్కుమంటుంది! బెరడు కణాలకు మైనంలాంటి పూత ఉండేది అందుకే... తడి లోపలికి చేరకుండా.

బెరడు వెనకే చెట్టును లావెక్కించే సన్నటి సజీవ పొర ఉంటుంది. సుమారు 60 డిగ్రీల వేడి తగిలితే అది చచ్చిపోతుంది. బెరడు మందం రెట్టింపైతే, కార్చిచ్చు వేడి అక్కడికి చేరడానికి దాదాపు 4 రెట్ల సమయం పడుతుంది.

సీసా బిరడాలు చేసే కార్కు కూడా ఓ రకం ఓక్ చెట్టు బెరడే. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి ‘కణం’ అని పేరు పెట్టింది ఈ గదులకే. కార్కులోంచి సాగే వేడి కాంక్రీటుతో పోలిస్తే 30 రెట్లకు పైగా తక్కువ. పోర్చుగల్‌లో 9 ఏళ్లకోసారి, చెట్టు చావకుండా పైపొర మాత్రమే ఒలుస్తారు. మన రోడ్ల పక్కన కనిపించే ఆకాశమల్లెను ఇంగ్లిషులో ‘ఇండియన్ కార్క్ ట్రీ’ అనడానికి కారణం, ఒకప్పుడు దాని బెరడును కార్కుకు బదులు వాడటమే.

స్లాబుకు ఇలాంటి కవచం లేదు. పగలంతా ఎండను తాగి, రాత్రంతా గదిలోకి కక్కుతుంది. అలాగని చెట్ల బెరడు ఒలిచి డాబా మీద పరవక్కర్లేదు. కిటుకు తెలిస్తే చాలు. కవచం ఎప్పుడూ ఎండ పడే వైపే ఉండాలి. అంటే స్లాబు కింద కాదు, పైన! మట్టికుండలు బోర్లించి మీద గచ్చు వేయడం పాత పద్ధతి. అందులో పనిచేసేదీ చిక్కుకున్న గాలే. అంత ఖర్చు పెట్టలేకపోతే తెల్ల సున్నమైనా వేయొచ్చు. అది వేడిని ఆపదు, ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇలాంటి కప్పుల గురించే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లేటప్పుడు ఓసారి రోడ్డు పక్క చెట్లను చూడండి. హాస్టల్ బోర్డు కోసం మేకు దిగితే బెరడుకు చిల్లు పడినట్టే. అందులోంచి తడి, తెగులు లోపలికి చేరతాయి. గదికి కవచం లేదు సరే, ఆ గది ప్రకటన కోసం చెట్టు కవచాన్నీ చీల్చాలా?