కేసు లేని సంస్మరణ

ఈమధ్య ఒక సంస్మరణ సంచిక చదివాను. పోయినాయన లాయరు. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రాక్టీసు. ఇరవై దాకా వ్యాసాలున్నాయి. ఆయన మంచి మనసు, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఇప్పించిన కాఫీలు, పాత పాటల పిచ్చి, ఎవరి పెళ్ళి పిలుపొచ్చినా కాదనకపోవడం, అన్నీ తెలిశాయి. ఫలానా మనిషి తరఫున, ఫలానా కోర్టులో, ఫలానా పాయింటు మీద వాదించారు అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. "పేదల పక్షాన నిలిచారు" అనే వాక్యం తొమ్మిదిసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. సాఫ్ట్‌వేర్ వాడిని, లెక్కపెట్టడం నా జబ్బు.

కవి మీద సంచిక వేసి అందులో ఒక్క కవిత గురించీ మాట్లాడకపోతే మనం ఊరుకుంటామా? లాయరు విషయంలో ఊరుకుంటాం. ఊరుకోవడమే కాదు, అదే మర్యాద అనుకుంటాం.

నా ఫిర్యాదు ఒక్క సంచిక మీద కాదు. తెలుగువాళ్ళం లాయర్లని గౌరవించేది వాళ్ళు లాయర్లు కాకుండా పోయినంత మేరకే. టంగుటూరి ప్రకాశం గారినే తీసుకోండి. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి ఎదురు నిలిచిన గుండె మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1921లో బ్రహ్మాండమైన ప్రాక్టీసు వదిలేశారన్నది ఉంది. వదిలేసిన ఆ ప్రాక్టీసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు. రాజమండ్రిలో ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో నిలదొక్కుకున్న మనిషి. 'నా జీవిత యాత్ర'లో ఆ కోర్టు రోజుల గురించి ఆయనే ఎంతో చెప్పుకున్నారు. మనం ఆ పేజీలు గబగబా తిప్పేసి త్యాగం దగ్గర ఆగుతాం. త్యాగం బావుంటుంది, అర్థం చేసుకోవడానికి చట్టం తెలియాల్సిన పని లేదు.

బొజ్జా తారకం గారి విషయంలోనూ అదే. 1985లో కారంచేడు మారణకాండ తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా చేశారు. ఆయన మీద వచ్చిన ప్రతి నివాళిలోనూ ఇదుంటుంది, ఉండాలి కూడా. 'నది పుట్టిన గొంతుక' కవిగా ఆయన సాహిత్యం వాళ్ళకి ఎటూ తెలుసు. కానీ రాజీనామా ఒక్కరోజు పని. ఆ తర్వాత 2016లో పోయేదాకా, మూడు దశాబ్దాల పాటు, ఆయన కోర్టుకి వెళ్తూనే ఉన్నారు కదా? 1991 చుండూరు హత్యల కేసుని ఎక్కడో పట్నంలో కాదు, ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించాలన్నారు. ఆ డిమాండు వెనక నిలబడ్డ లాయర్లలో తారకం ఒకరు. ఊళ్ళోనే కోర్టు అంటే ఏమిటి? సాక్షి బస్సెక్కి, దారిలో ఎవరో బెదిరిస్తే దిగి వెనక్కి పోయే అవకాశం తగ్గడం. కూలి పోకుండా సాక్ష్యం చెప్పగలగడం. ఆ కోర్టు 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెండు తీర్పుల మధ్య సాక్ష్యం ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిందన్నది తెలుగులో ఒక మంచి పుస్తకానికి సరిపడా విషయం. మన సాహిత్య సభల్లో చుండూరు మీద కవితలు విన్నాను. ఆ క్రాస్ ఎగ్జామినేషన్ల గురించి ఒక్క ప్రసంగమూ వినలేదు.

ఇంకో మాట. తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకాన్ని మనం సమీక్షించదగ్గ వచనంగా ఎందుకు చూడం? చట్టాన్ని చదువురాని వాడికి కూడా చదివి వినిపించగలిగే తెలుగులో పెట్టడం, నాకు తెలిసి, మంచి కవిత రాయడం కన్నా తేలికేం కాదు.

బాలగోపాల్ గారి దగ్గర ఇది మరీ విచిత్రం. గణితంలో డాక్టరేటు, కాకతీయ యూనివర్సిటీ ఉద్యోగం, పౌరహక్కుల ఉద్యమం, ఆ వ్యాసాలు, ఆ వాక్యాలు. వీటి మీద మనకి కొదవలేదు, నేనూ ఆ వాక్యాల అభిమానినే. 1998లో లాయరుగా నమోదై 2009లో పోయేదాకా పదకొండేళ్ళు రోజూ చేసిన పని మాత్రం సంస్మరణల్లో "చివర్లో న్యాయవాదిగా కూడా" అన్న ఆ 'కూడా'లో ఇరుక్కుపోయింది.

కన్నబిరాన్ గారు కొంత అదృష్టవంతులు. '24 గంటలు' అనే ఆత్మకథ ఉంది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న రాజ్యాంగం 22వ అధికరణం ఆ పేరు చూడగానే గుర్తుకొస్తుంది. పార్వతీపురం కుట్ర కేసు లాంటివి లాయరు కుర్చీలోంచి ఎలా కనిపిస్తాయో తెలియాలంటే ఇలాంటి పుస్తకాలే దిక్కు. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో కిష్టాగౌడ్, భూమయ్యలని ఉరితీశారు. వాళ్ళ మీద ఎంత కవిత్వం వచ్చిందో మనకి తెలుసు. ఉరి ఆపడానికి కోర్టుల చుట్టూ తిరిగిన లాయర్లలో కన్నబిరాన్ ఉన్నారు. ఎమర్జెన్సీలో, ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకెళ్ళే దారే మూసేసిన రోజుల్లో, పిటిషన్లో ఏం రాస్తారు? ఏ మాటతో మొదలెడతారు? నాకైతే ఇది కవిత్వం కన్నా తక్కువ ప్రశ్న కాదు.

"తీర్పులున్నాయిగా, చదువుకో" అంటారు. చదివాను. తీర్పులో లాయరు వాదన "పిటిషనరు తరఫు విద్వాంసుడైన న్యాయవాది వాదన ఏమనగా" అని మొదలై మూణ్ణాలుగు లైన్లలో ముగుస్తుంది. గెలిచిన వాదన జడ్జిగారి మాటల్లో కలిసిపోతుంది, ఓడినది దాదాపు మాయమవుతుంది. ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసుల మీద ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది, పౌరహక్కుల సంఘం వేసిన కేసులో. తర్వాత సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. అక్కడిదాకా చేరడానికి ఎన్నేళ్ళ ఓడిన పిటిషన్లు మెట్లయ్యాయో తీర్పు చెప్పదు. అది చెప్పాల్సింది మిగిలినవాళ్ళు.

ఇంకో అభ్యంతరం, కక్షిదారుల రహస్యాలు. నిజమే, కక్షిదారు చెప్పుకున్నది లాయరు బయటపెట్టకూడదు, కేసు అయిపోయినా సరే. కానీ తలుపులు తెరిచిన కోర్టు హాల్లో పదిమంది ముందు అడిగిన ప్రశ్న రహస్యం ఎలా అవుతుంది?

సాహిత్యం వాళ్ళకి ఇందులో సొంత లాభం కూడా ఉంది. జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు. చాలాచోట్ల అది కాగితం మీదకి ఇంగ్లీషులో ఎక్కుతుంది. "ఆ పొద్దు మా గొడ్లు ఇంకా ఇల్లు చేరలేదండీ" అన్నది సాయంత్రం సుమారు ఆరు గంటలు అయిపోతుంది. ఆ తెలుగు విన్నది ఎవరు? జడ్జి, గుమాస్తా, ఇద్దరు లాయర్లు. లాయరు పోతే ఆ నాలుగు చెవుల్లో ఒకటి పోయినట్టే. మిగిలిన వాళ్ళకి సినిమా కోర్టు మిగిలింది, ఆ సుత్తి, ఆ "అబ్జెక్షన్ యువరానర్". మన కథకులు కూడా అక్కడినుంచే కోర్టు సీన్లు రాస్తున్నారని నా అనుమానం.

సరే, నా సంగతి. మా మేనమామ కోస్తాలో ఒక చిన్న టౌన్లో సివిల్ లాయరు. రెండేళ్ళ క్రితం పోయారు. సంతాపసభలో నన్ను మాట్లాడమంటే నేనూ కాఫీ గురించే మాట్లాడాను. పేదల పక్షాన నిలిచారని కూడా అన్నట్టున్నాను. సభ అయ్యాక ఆయన గుమాస్తా గారు పక్కకి పిలిచారు.

"బాబూ, అయ్యగారి స్టాంపు వెండరు కేసు చెప్తావనుకున్నాను."

నాకు తెలీదన్నాను. చెప్పారు. ఒక వితంతువు ఇంటిమీద ఎవరో విక్రయ అగ్రిమెంటు పట్టుకొచ్చారు, చనిపోయిన భర్త సంతకంతో. సంతకం అచ్చం ఆయనదే. మామయ్య సంతకం జోలికి పోలేదు. స్టాంపు కాగితం వెనక వెండరు వేసిన నంబరు చూశారు. వెండరు రిజిస్టరు కోర్టుకి తెప్పించమని పిటిషన్ వేశారు. అది రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తెరిచి చూస్తే ఆ నంబరు కాగితం అమ్మింది భర్త పోయిన ఏడు వారాలకి. వెండర్ని బోనెక్కించి మామయ్య అడిగినవి నాలుగే ప్రశ్నలట. నాలుగూ గుమాస్తా గారికి వరసగా గుర్తున్నాయి.

"ఆ కట్ట ఉందాండీ?" అన్నాను.

"ఎక్కడిది బాబూ, ఆఫీసు గది అద్దెకిచ్చేటప్పుడు కాటాకి వేసేశారుగా. డైరీలు నా దగ్గరున్నాయి. వాయిదాలు రాసుకున్నవి. పదహారో పదిహేడో. ఒక్కో పేరు చూస్తే ఒక్కో కేసు చెప్తాను, కానీ నువ్వు చదివి వినిపించాలి, నాకు కళ్ళు ఆనట్లేదు."

లాయరు చనిపోగానే వకాల్తా చట్టప్రకారం చెల్లదు. కక్షిదారు ఇంకొకరికి కొత్తగా సంతకం చేసివ్వాలి. ఈ రూలు కూడా నాకు ఆయనే చెప్పారు. ఇప్పటికి మూడు డైరీలు అయ్యాయి. 1987లో ఉన్నాం.